రాజాజ్ఞ కట్టేసిన నది

ఝరీమండల రాజ్యపు ఉత్తర కనుమ దగ్గర రెండు ద్వారాలుండేవి. ఒకటి పాలరాతిది. దాని కమానులకు పారిజాత మాలలు వేలాడేవి. మెట్ల మీద పన్నీరు చల్లి ఉండేది. ఇరువైపులా వీణలు పట్టిన యువతులు నిలబడి, వచ్చిన ప్రతి పరదేశికీ స్వాగతగీతం పాడేవారు. రెండోది అదే గోడకు కొంచెం ఎడంగా, పశువుల దొడ్డికి పెట్టినట్టు, నడుం వంచి దూరవలసిన కన్నం. ఆ దేశంలో పుట్టినవాళ్ళు రావలసింది ఆ కన్నంలోంచే.

సరిహద్దు యుద్ధాలలో ఏళ్ళ తరబడి రాజు పక్షాన కత్తి తిప్పి, ఒంటినిండా గాయాల మచ్చలతో ఇంటికి తిరిగి వస్తున్న శరభుడు ఆ కన్నం ముందు నిలబడి ఉన్నాడు. అతడు కలస్వన నది ఒడ్డున ఉన్న రేవులపాడులో పడవలు చేసే వడ్రంగుల బిడ్డ. తల్లి చేతి అంబలి తాగి, అక్కతో గొడవపడి, బావతో కలిసి నదిలో ఈదాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాడు.

ద్వారపాలకుడు అతణ్ణి ఎగాదిగా చూసి, ఏ విడిదిలో పనికి కుదిరావని అడిగాడు. పనికి కాదు, మా ఊరికి పోతున్నానని శరభుడు చెప్పాడు. ఏ ఊరంటే రేవులపాడన్నాడు. ద్వారపాలకుడు పక్కవాడి వంక చూసి నవ్వాడు.

"రేవులపాడా? అదిప్పుడు విహారవనం. అతిథులకు ఊడిగం చేసేవాళ్ళ బిళ్ల మెడలో ఉంటేనే లోపలికి పంపిస్తాం. లేదంటే వచ్చిన దారినే పోవయ్యా."

"నేను పుట్టిన ఊరికి పోవడానికి నాకు బిళ్ల కావాలా?"

"అదిగో శాసనం. చదువొస్తే చదువుకో."

గోడ పక్కన ఏనుగంత నల్లరాయి నిలబెట్టి ఉంది. దాని మీద అక్షరాలు బంగారు పూతతో మెరుస్తున్నాయి. అతిథి సంతోషమే దేశానికి సంపద అనీ, ఆ సంతోషానికి అడ్డొచ్చేది ఇల్లయినా పొలమైనా మనిషైనా తొలగించవలెననీ ఉంది. కింద విక్రాంత మహారాజు పద్మముద్ర. ఏ ముద్ర ఉన్న జెండా కోసం తాను నెత్తురు కార్చాడో, ఆ ముద్రే.

శరభుడి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. అప్పటికే నాలుగు వైపులా ఈటెలు అతడి గుండెకు ఆనాయి. పళ్ళు కొరుక్కుని వెనక్కు తిరిగాడు. కొండదారి ఎక్కుతుంటే అవమానంతో చెవులు కాలిపోతున్నాయి.

మలుపు తిరిగాడో లేదో, పల్లకీ బోయీలు కకావికలై ఎదురుగా పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనక ఆకాశం చీకటైంది. రెండు తలల గండభేరుండం ఒకటి, తాటాకు కప్పుల్లాంటి రెక్కలు విప్పి, ముత్యాల కుచ్చుల పల్లకీని గోళ్ళతో పట్టుకుని లోయ మీదుగా లేస్తోంది. లోపలినుంచి ఒక లావుపాటి మనిషి కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. శరభుడు పక్కనున్న బండ ఎక్కి ఒక్క దూకులో పల్లకీ దండె పట్టుకున్నాడు. పక్షి ఒక తల వంచి పొడవబోయింది. కత్తి ఎత్తి ముక్కు మీద కొట్టాడు. రెండో తల వచ్చింది. ఈసారి తలను వదిలేసి, పల్లకీని పట్టిన గోటి మొదట్లో కత్తి దించాడు. గండభేరుండం కొండలు దద్దరిల్లేలా అరిచి పట్టు వదిలేసింది. పల్లకీ, అందులోని మనిషి, దానికి వేలాడుతున్న శరభుడు అంతా కలిసి అడవి తీగల గుబురు మీద పడి, ఉయ్యాలలూగి, చివరికి నేలకు దిగారు.

పల్లకీలో ఉన్నది మరకత ద్వీపపు పట్టువర్తకుడు పుష్కలుడు. ఝరీమండలపు జలపాతాలు చూడాలని సముద్రాలు దాటి వచ్చాడట. ఇక ఏ జలపాతమూ వద్దు, ఇంటి దగ్గర బావి చూసుకుంటే చాలునంటూ వణికిపోయాడు. ప్రాణం నిలబెట్టినందుకు ఏం కావాలో కోరుకోమన్నాడు. శరభుడు ఒక క్షణం ఆలోచించి, అతడు కట్టుకున్న జరీ అంగరఖా, పచ్చల తలపాగా, ద్వారం దగ్గర చూపడానికి వేలికున్న అతిథి ఉంగరం అడిగాడు. వర్తకుడు ఇంత తేలిగ్గా పోతుందనుకోలేదేమో, చెప్పులు కూడా విప్పి ఇచ్చాడు.

కాసేపటికి పాలరాతి ద్వారం దగ్గర వీణలు మోగాయి. ఇందాక ఈటె ఆనించిన ద్వారపాలకుడే నడుం వంచి, తల దించి, "దయచేయండి ప్రభూ, ఈ దేశం మీది" అన్నాడు. తిరస్కరించినప్పటి కంటే ఆ వంగిన వీపు చూసినప్పుడే శరభుడికి ఎక్కువ మండింది.

*

కలస్వన ఒడ్డున, ఒకప్పుడు రేవులపాడు ఉన్నచోట, స్ఫటిక విడిది కట్టారు. దాని స్తంభాలు చంద్రకాంత శిలలు. గవాక్షాలకు నెమలిపింఛాల తెరలు. అంగణంలో బంగారు జింకబొమ్మలు నోటినుంచి అత్తరు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఎదురుగా కొండ నెత్తి మీదినుంచి శ్వేతఝరి జలపాతం, ఆకాశం తన మేలిముసుగు జార్చుకున్నట్టు, తెల్లగా, గంభీరంగా దూకుతోంది. వానచుక్క లేక, చుట్టుపక్కల చెట్లన్నీ ఎండి మోడులైన రోజుల్లో, ఆ ఒక్కచోట అంత నీరు ఎలా వచ్చిందో శరభుడికి అర్థం కాలేదు. ఇంకో వింత చూశాడు. జలపాతం కింద కొలను నిండుగా ఉంది. కొలను దాటాక నదే లేదు. ఉన్నది ఇసుక.

అతణ్ణి దంతపు పీఠం మీద కూర్చోబెట్టి కాళ్ళు కడగడానికి ఒక స్త్రీని పంపారు. ఊడిగం చేసేవాళ్ళు అతిథి ముఖం చూడకూడదని కట్టడి. ఆమె తల వంచుకునే వచ్చి, తల వంచుకునే వెండి పళ్ళెం పెట్టి, అతడి పాదం చేతుల్లోకి తీసుకుంది. నీళ్ళు పోయబోయి ఆగిపోయింది. చిన్నప్పుడు బాడిసె జారి పడిన మచ్చ అతడి మడమ మీద ఇప్పటికీ ఉంది. ఆ రోజు పసుపు అద్ది గుడ్డ కట్టిన వేళ్ళే ఇప్పుడు ఆ మచ్చ మీద ఆగాయి.

శరభుడు లేవబోయాడు. ఆమె పాదాన్ని గట్టిగా అదిమి పట్టింది.

"కదలకురా. నవ్వుతా కూర్చో. తలారి చూస్తన్నాడు."

అతడి అక్క సింగమ్మ గొంతు అది. వీణల చప్పుడు చాటున, పెదవులు కదలకుండా, నీళ్ళు పోస్తూనే ఆమె జరిగిందంతా చెప్పింది.

యుద్ధంతో బొక్కసం ఖాళీ అయినప్పుడు మహామంత్రి మధురవర్మ ఒక ఉపాయం చెప్పాడట. మన కొండలూ జలపాతాలూ చూడడానికి లోకమంతా రావాలి, వచ్చినవాళ్ళతో దేశం బతకాలి అన్నాడట. బాటలు వేయించాడు, దారిదోపిడీలు అణిచాడు, సుంకాలు ఎత్తేశాడు. అతిథులను రేవులపాడు పడవల్లోనే తిప్పారు. సింగమ్మ మొగుడు కొమరన్న కొత్త పడవ చేసుకున్నాడు. తల్లి ఇంటి ముందు పందిరి వేసి పరదేశులకు చేపల పులుసు వండి పెట్టింది.

"మొదట్లో బాగానే ఉండేదిరా. అబద్ధం చెప్పను. మూడు పూటలా తిన్నాం."

తరువాత రెండో ఆజ్ఞ వచ్చింది. విడిదులూ పడవలూ సాగరశ్రేణి అనే పరదేశపు వర్తక సంఘానికే ఇచ్చారు. ఊరి పడవలు చూడడానికి బాగాలేవని ఒడ్డుకు లాగి తగలబెట్టారు. ఆ తరువాత, జలపాతం కనిపించేంత మేర దున్నకూడదన్నారు. అతిథులకు బురద కనిపించకూడదట. నది నీళ్ళు పొలాలకు పోకూడదన్నారు. బియ్యం కనుమ అవతలి దేశాలనుంచి బళ్ళ మీద వచ్చేది. కిందటేడు కొండచరియ విరిగిపడి కనుమ మూతబడింది. అతిథులు రాలేదు, బియ్యమూ రాలేదు. కోయడానికి దేశంలో ఎవరి పొలంలోనూ పైరు లేదు. విడిదిలో గాదెల నిండా ధాన్యం ఉంది. అది అతిథుల కోసమని తాళాలు తియ్యలేదు.

"అమ్మ?" అన్నాడు శరభుడు.

సింగమ్మ అతడి రెండో కాలు పళ్ళెంలో పెట్టింది.

"ఆ గాదె గుమ్మం ముందే పోయిందిరా. నవ్వు. తలారి ఇటే వస్తన్నాడు."

శరభుడు నవ్వాడు. ఎలా నవ్వాడో అతడికే తెలియదు. తలారి దగ్గరికొచ్చి, సేవ బాగుందా ప్రభూ అని అడిగితే, బాగుందన్నాడు. దంతపు పీఠం చెయ్యి అతడి పిడికిట్లో పగిలింది. తలారి కంగారుపడి, పీఠం నాసిరకానిదని క్షమాపణ చెప్పుకుని, వేరేది తెప్పించడానికి పరుగెత్తాడు.

ఆ సందులో సింగమ్మ చివరి మాట చెప్పింది. తల్లి పోయిన రోజు కొమరన్న మంత్రిని నిలదీశాడు. అతణ్ణీ అతడితో గొంతు కలిపినవాళ్ళనూ జలపాతం వెనకున్న గుహలోకి తోలుకుపోయారు. మళ్ళీ ఎవరూ బయటికి రాలేదు. ఆ గుహకు కాపలా కృకలాసుడనే మాంత్రికుడు. తొండకు మల్లే ఒంటి రంగు మార్చుకుంటాడని అందరూ అంటారు.

*

మధ్యాహ్నం అతిథులకు వినోదం ఏర్పాటు చేశారు. అడవి మనుషుల యుద్ధమని దండోరా వేశారు. ఆకులు కట్టుకుని, ఒంటికి మసి పూసుకుని, ఎముకల దండలతో కొందరు అరుస్తూ రంగం మీదికి వచ్చారు. శరభుడు ఒక్కొక్కరినీ గుర్తుపట్టాడు. అందరూ రేవులపాడు వడ్రంగులే. ఏనాడూ అడవిలో బతికినవాళ్ళు కారు. ముందు గెంతుతున్న ముసలివాడు తన తండ్రితో కలిసి రాజుగారి హంసనావకు వెన్నుదూలం ఎక్కించిన పనివాడు. ఇప్పుడు నాలుక బయటపెట్టి కోతిలా ఒళ్ళు గోక్కుంటున్నాడు. అతిథులు పొట్టలు పట్టుకుని నవ్వుతూ అరటిపళ్ళు విసురుతున్నారు. ముసలివాడు వాటిని ఏరుకుని ఆకుల చాటున దాచుకుంటున్నాడు.

అది ముగిశాక మహామంత్రి మధురవర్మ వచ్చాడు. నెరిసిన గడ్డం, చల్లని చూపు, వెన్నలాంటి మాట. దేశదేశాల అతిథులకు నమస్కరించి, తన రాజ్యం తెరిచిన పుస్తకమని, ఏమైనా అడగవచ్చునని అన్నాడు. అందరూ జలపాతం ఎత్తు గురించీ ద్రాక్షాసవం గురించీ అడుగుతుంటే, పచ్చల తలపాగా పెట్టుకున్న అతిథి లేచి నిలబడ్డాడు.

"ఇక్కడ ఒక ఊరుండేదట. ఆ ఊరివాళ్ళు ఏం తింటున్నారు?"

మధురవర్మ కోపం తెచ్చుకోలేదు. మంచి ప్రశ్న అన్నాడు. ఈ దేశం ఇరుగుపొరుగు రాజులతో తరతరాలుగా కొట్టుకుని చచ్చిందనీ, ఇప్పుడా రాజుల బంధువులే ఇక్కడికి విహారానికి వస్తున్నారు గనుక ఎవడూ దండెత్తడం లేదనీ చెప్పాడు.

"మా పొలాలు మాకు ఆకలి తీర్చలేకపోయాయి, ఆర్యా. మా కత్తులు మాకు శాంతి ఇవ్వలేకపోయాయి. రెండూ అతిథులు ఇచ్చారు. ఇల్లు చక్కబెట్టుకునేటప్పుడు కొన్ని సామాన్లు పక్కకు జరపక తప్పదు."

శరభుడు ఆ యుద్ధంలోనే ఉన్నాడు. శాంతి అన్న మాట అబద్ధం కాదని అతడికి తెలుసు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది.

"పక్కకు జరిపింది సామాన్లను కాదు, ఇంట్లోవాళ్ళను. వచ్చిన సంపదంతా సాగరశ్రేణి ఓడలెక్కి పోతుంటే ఈ ఇల్లు ఎవరికోసం చక్కబడినట్టు?"

విడిదులు కట్టింది శ్రేణివారు గనుక కొంతకాలం ఫలితం వారిదేనని మంత్రి అన్నాడు. ఎంతకాలమని శరభుడు అడిగాడు. మధురవర్మ చిరునవ్వు నవ్వి, ద్రాక్షాసవం అందించమని సేవకులకు సైగ చేశాడు. అయితే కూర్చోబోతూ ఆ అతిథి చేతుల వంక ఒకసారి చూశాడు. పట్టువర్తకుడి అరచేతుల్లో అంతటి కాయలు ఎందుకుంటాయి? మంత్రి కన్ను పక్కనున్న స్తంభం మీదికి పోయింది. స్తంభం మీద ఒక ముడత కదిలి, పైకి పాకి మాయమైంది.

*

పొద్దు వాలుతుండగా అతిథులను పూలపడవల్లో జలపాతం దగ్గరికి తీసుకుపోయారు. తుంపరల్లో ఇంద్రధనుస్సులు అల్లుకుంటున్నాయి. అందరూ తలలెత్తి వాటిని చూస్తుండగా శరభుడు ఒక తెడ్డు చేత పట్టి నీటిలోకి జారాడు. దూకుతున్న నీటి గోడ కిందినుంచి, ఊపిరి బిగబట్టి, కొండ అంచు పట్టుకుని అవతలికి తేలాడు.

అక్కడ గుహ నోరు. దానికి అడ్డంగా పడుకున్న బండరాయి కళ్ళు తెరిచింది.

అది శిలామకరం. పైనంతా రాయి, దవడల్లో ప్రాణం. తోక విసిరితే గుహ గోడ పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. శరభుడు అంగరఖా కింద దాచి తెచ్చిన కత్తితో వేసిన మొదటి దెబ్బకే కత్తి రెండు ముక్కలైంది. తెడ్డు నిలువుగా దాని నోట్లో దూర్చాడు. మకరం పటపట నమిలి ఉమ్మేసింది. తప్పించుకోవడానికి చోటు లేక అతడు దాని వీపు మీదికే ఎగిరాడు. అది అతణ్ణి విదిలించి కొట్టాలని కొలనులోకి మునిగి, లేచి, గోడలకు రాసుకుంటూ పిచ్చెత్తినట్టు తిరిగింది. భుజం చర్మం ఒలిచినట్టు లేచిపోతున్నా శరభుడు పట్టు వదల్లేదు. కాపలా గొలుసు ఏళ్ళ తరబడి ఒరుసుకున్నచోట, దాని మెడ మీద, సన్నని పగులు కనిపించింది.

రాయిని కొయ్యతో చీల్చడం అతడి ఇంటి విద్య. రేవు కట్టడానికి బండలు కావలసివస్తే తండ్రి పగుళ్ళలో ఎండు కొయ్య మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోసేవాడు. మకరం ఉమ్మేసిన తెడ్డు ముక్క తేలుతుంటే అందుకుని, ఆ పగులులో పెట్టి, విరిగిన కత్తిపిడితో బలమంతా కూడదీసి కొట్టాడు. మాంత్రికుడి మంత్రం పారిన ఆ కొలను నీటిలో తడిసిన కొయ్య చూస్తుండగానే ఉబ్బింది. పగులు మెడ చుట్టూ పాకింది. తాటిచెట్టు విరిగినట్టు చప్పుడైంది. మకరం తల ఒకవైపు, మొండెం ఒకవైపు కొలనులో పడి అడుగుకు పోయాయి.

గుహ లోపల శరభుడు చూసింది అతడు ఏ యుద్ధంలోనూ చూడనిది.

కొండ కడుపంతా నిండేలా ఒక మహానాగిని చుట్టచుట్టుకుని ఉంది. ఆమె పొలుసులు నదీజలం రంగులో అలలు అలలుగా మెరుస్తున్నాయి. పడగ కింద స్త్రీ ముఖం, ఆ ముఖంలో అంతులేని అలసట. ఆమె కలస్వన నదికి అధిదేవత. ఒంటి నిండా గొలుసులు. ఆ గొలుసులన్నీ ఒక పెద్ద రాట్నానికి బిగించి ఉన్నాయి. దాని చేతులు తిప్పడానికి మనుషులను పక్కనే బండలకు గొలుసులతో కట్టేశారు. పొద్దున అతిథులు మేల్కొనేవేళ రాట్నం ఒకవైపు తిప్పితే గొలుసు సడలి జలపాతం దూకుతుంది. సాయంత్రం వాళ్ళు విందుకు కూర్చునేవేళ ఎదురు తిప్పితే గొలుసు బిగిసి నీరు ఆగిపోతుంది. కిందికి పారనివ్వకుండా కొలను నీటిని రాత్రి మళ్ళీ కొండపైకి లాగేస్తారు. చూడడానికి మాత్రమే మిగిలిన నది అది.

రాట్నం దగ్గర కట్టేసిన వాళ్ళలో తెల్లజుట్టువాడొకడు తలెత్తి, "శరభా" అన్నాడు. గొంతు విన్నాక గాని బావ కొమరన్నను అతడు పోల్చుకోలేకపోయాడు.

శరభుడు బండరాయెత్తి గొలుసు మీద వేశాడు. రాయి పిండయింది. గొలుసు మీద ఎర్రటి అక్షరాలు వెలిగి అతడి చేతులు కాలాయి. కనుమ దగ్గర నల్లరాతి మీద చదివిన అక్షరాలే అవి.

నాగిని మెల్లగా కళ్ళు తెరిచింది. "అది ఇనుము కాదు నాయనా, రాజాజ్ఞ. దెబ్బలకు తెగదు. ఇచ్చిన నోరే వెనక్కు తీసుకోవాలి, ప్రజల ఎదుట."

మాంత్రికుడికి సొంత బలం ఏమీ లేదని, రాజముద్ర పడిన ప్రతి మాటనూ గొలుసుగా మార్చడమే అతడి విద్య అని ఆమె చెప్పింది. శాసనం మీద ముద్ర ఉన్నంతకాలం గొలుసు ఉంటుంది. విక్రాంత మహారాజు చనిపోతే, ఆజ్ఞ ఎత్తేసే నోరు లేక ఆమె శాశ్వతంగా బందీ అవుతుంది. రాజు రాజధాని ధారాపురిలో ఉన్నాడు. దేశంలోని మనిషినెవరినీ ఆయన దగ్గరికి పోనివ్వరు. అతిథులకు మాత్రం వసంతకాలంలో దర్శనమిస్తాడు.

"బాగా చెప్పావు" అని గోడ మాట్లాడింది.

రాతిరంగులో గోడకు అతుక్కున్న మనిషి ఒకడు కిందికి పాకి, పచ్చబడి, పసుపై, చివరికి బూడిదరంగు దేహంతో నిలబడ్డాడు. ఎముకలకు చర్మం అంటించినట్టున్నాడు. కళ్ళు రెండూ చెరోవైపు తిరుగుతున్నాయి. కృకలాసుడు చెయ్యి విసరగానే నేలలోంచి గొలుసు ముక్క ఒకటి పాములా లేచి శరభుడి చీలమండను చుట్టేసింది.

చంపడానికి రాలేదన్నాడు మాంత్రికుడు. మంత్రిగారు అతడి మీద ముచ్చటపడ్డారట. అతిథులకు ఒకే జలపాతం, ఒకే ఆట చూసి విసుగొచ్చిందట.

"మకరాన్ని చంపిన వీరుడివి. రోజూ మధ్యాహ్నం అందరి ముందూ ఇంకొక మకరంతో పోరాడు. నీ అక్కకు కడుపునిండా కూడు. నువ్వు ఏ రోజైనా చచ్చిపోతే ఆ రోజు జనం ఇంకా ఎక్కువ వస్తారు."

శరభుడు అంతవరకు ఎన్నో దిగమింగాడు. కన్నాన్ని దిగమింగాడు, అక్క చేతులు తన పాదాల మీద పడడాన్ని దిగమింగాడు, తల్లి చావు విని నవ్వాడు. ఇక వల్ల కాలేదు.

"మా ఆకలిని నాటకం ఆడించారు. మా ముసలాళ్ళను కోతుల్ని చేశారు. మా నదిని బొమ్మను చేశారు. చచ్చినా మీ అంగట్లో సరుకును కాను."

కృకలాసుడు విసుగ్గా రాట్నం వైపు తిరిగాడు. విందు వేళ అయింది, బిగించండి అని ఆజ్ఞాపించాడు.

కొమరన్న పక్కవాళ్ళ వంక చూశాడు. వాళ్ళు అతడి వంక చూశారు. అన్నాళ్ళూ ఆకలికీ కొరడాకూ భయపడి తిప్పిన చేతులు ఒకదాని తరువాత ఒకటి రాట్నం మీదినుంచి తీసేశారు.

మాంత్రికుడి రంగు మొదటిసారి తన ప్రమేయం లేకుండా మారింది. తెల్లబోయాడు. కొరడా ఝళిపించాడు. మంత్రాలు చదివాడు. ఏ మంత్రానికీ రాట్నం కదల్లేదు. గొలుసు చేసేది రాజాజ్ఞే కావచ్చు, దాన్ని తిప్పవలసింది మనుషులే. పట్టే చెయ్యి లేక రాట్నం వెనక్కు తిరగడం మొదలుపెట్టింది, ముందు మెల్లగా, తరువాత గింగిరాలు కొడుతూ. గొలుసు బారలు బారలుగా సడలింది. నాగిని ఏళ్ళ తరువాత మొదటిసారి ఒళ్ళు విరుచుకుంది. కొండ కడుపులోంచి వరద పేలింది. కృకలాసుడు గోడకేసి కొట్టుకుని కనబడకుండా పోయాడు. అతడు పట్టుతప్పిన క్షణంలోనే శరభుడి చీలమండ మీది గొలుసు జారింది.

శరభుడు బావ కట్లు విప్పబోయాడు. అవీ ఆజ్ఞ గొలుసులే. చేతులు కాలాయి గాని ఊడలేదు.

"మేం మళ్ళీ పట్టుకోం. కొట్టనీ, చంపనీ. ఎంతసేపు ఆపగలమో ఆపుతాం" అన్నాడు కొమరన్న. "నువ్వు నీళ్ళతో పోరా. రాజు నోట ఆ మాట అనిపించు."

శరభుడు గుహ నోటినుంచి వరదలోకి దూకాడు.

*

కొలను కట్ట తెగింది. పూలపడవలు పుల్లలైపోయాయి. అతిథులు బంగారు జింకల మీదికెక్కి కూర్చున్నారు. విడిది మెట్ల మీద సింగమ్మ చేతిలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. దూలం ఒకటి కావలించుకుని కొట్టుకుపోతున్న తమ్ముణ్ణి చూసి, పళ్ళెం గిరవాటేసి, తల పూర్తిగా పైకెత్తి, తలారి ముఖంలోకి చూసింది. శరభుడికి కనిపించింది అంతవరకే.

లోయ దిగువన నది గర్భం వెడల్పు. అక్కడ వరద జోరు తగ్గి, ఎండిన ఇసుకంతా పరుచుకుంటూ, నెర్రెలిచ్చిన పొలాల్లోకి బుసబుస నురగలతో ఎక్కింది. గుడిసెల్లోంచి మనుషులు బయటికొచ్చారు. ఒక ముసలమ్మ చీర తడుస్తున్నా పట్టించుకోకుండా మోకాళ్ళలోతు నీళ్ళలోకి నడిచి వచ్చి, ఇది నిజమేనా అన్నట్టు అరచేత్తో అలను తట్టి చూసింది. ఒకడు అక్కడికక్కడే నాగలి తీసుకురావడానికి పరుగెత్తాడు. శరభుడు మెడ తిప్పి వాళ్ళనే చూశాడు. ఆగడానికి వీలు లేదు. ప్రవాహం అతణ్ణి లాక్కుపోతూనే ఉంది. వెనక గట్టు మీద తరుముకొస్తున్న భటుల గుర్రాల దుమ్ము లేస్తోంది.

ధారాపురికి ముందు నది రెండు కొండల ఇరుకులో దూరుతుంది. పరుచుకున్న నీళ్ళన్నీ ఆ సందులో కూడుకుని, నిలువెత్తు గోడగా లేచి, రంకెలేస్తూ దూకాయి. ఆ నీటి గోడ నెత్తి మీద, దూలాన్ని కాళ్ళతో కరిచిపట్టుకుని, శరభుడు ఇరుకు దాటాడు. సంధ్యవెలుగులో రాజధాని కనిపించింది. వెయ్యి కలశాల ప్రాకారం, దాని మీద పద్మధ్వజాలు, దాని ముందు చాలా ఏళ్ళుగా నీరెరగని తెల్లని ఇసుక మైదానం.

ఆ ఇసుకలో, సరిగ్గా నది నడిబొడ్డున, మల్లెల పందిరి వేసి ఉంది. దీపాలు వెలిగిస్తున్నారు. పట్టు తివాచీల మీద అతిథులు బారులు తీరి ఉన్నారు. పందిరి మధ్య రత్నసింహాసనంలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పండుటాకులాంటి మనిషి కూర్చుని అందరికీ బొమ్మలా తల ఊపుతున్నాడు. తల మీద పద్మకిరీటం.

వసంత దర్శనం జరుగుతోంది.

నది గర్జన విని అతిథులు లేచారు. మరుక్షణం కాపలాదారులతో సహా అందరూ గట్టు వైపు పరుగెత్తారు. రాజును లేవదీయాలని ఎవరికీ తోచలేదు. విక్రాంత మహారాజు ఒక్కడే సింహాసనంలో మిగిలిపోయి, వస్తున్న నీటిని, చిన్నప్పుడెప్పుడో ఎరిగిన మనిషిని పోల్చుకుంటున్నట్టు, కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

తల్లిని చంపిన ఆజ్ఞ ఆ నోటినుంచి వచ్చిందే. నీటి గోడ ఇంకో క్షణంలో దాన్ని శాశ్వతంగా మూసేస్తుంది, గొలుసులు ఇక ఎన్నటికీ తెగవు. శరభుడు పళ్ళు బిగించాడు. దూలం వదిలేసి, ఆ వరద కంటే ముందుగా, రాజును ఒడిసి పట్టుకోవడానికి చేతులు చాచి దూకాడు.